రెండో బూర

"చెయ్యి జారితే ఒక బుగ్గ మీద జారుతుంది. రెండు బుగ్గల మీదా సమానంగా ఎలా జారిందండీ?" అని అడిగారు ప్లీడరుగారు.

అడిగింది మా నాన్నని, మా ఇంటి హాల్లో. నాన్న కుర్చీ అంచున కూర్చుని, వేళ్ళకంటిన నలుపుని పాతగుడ్డతో తుడుచుకుంటున్నాడు. నలుపు ఎప్పుడో వదిలిపోయింది. తుడవడం మాత్రం ఆపలేదు.

ఎదురుగా గోడకి ఆనించి రాగిరేకు బొమ్మ ఉంది. మా గుమ్మం తలుపంత పెద్దది. అందులో మా తాత, అంటే ఊరందరికీ బ్యాండు మాస్టారు, అధినేత పుట్టినరోజు సభలో భజన పాట వాయిస్తున్న ఒక కుర్రాడి బూరని అరచేత్తో మూసి నిలబడ్డాడు. రేపు పొద్దున సంగీత భవనానికి తాత పేరు పెడుతున్నారు. ఈ బొమ్మ ఆ భవనంలో గోడకెక్కాలి. లారీ కుదుపులకి దాని మూల సొట్ట పడితే, బాగుచెయ్యమని నిన్న నాన్నకి అప్పగించి వెళ్ళారు. ఊళ్ళో బూరలకీ బాకాలకీ సొట్టలు తీసేది నాన్నే. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, సొట్టల మాస్టారంటేనే తెలుస్తుంది.

మూల సొట్ట నున్నగా తీశాడు. అంతటితో ఊరుకుని ఉంటే ఏ గొడవా లేదు. గాలి నిండి ఉబ్బిన ఆ కుర్రాడి రెండు బుగ్గల్నీ కూడా కొయ్యసుత్తితో అణిచి, చదును చేసి, మెరుగు పెట్టి కూర్చున్నాడు. పనితనానికి వంక పెట్టలేం. ఎక్కడా సుత్తి దెబ్బ ఆనవాలే లేదు.

"ఆ కుర్రాడు ప్రభుత్వం తొత్తండీ!" అన్నారు ప్లీడరుగారు. ఆయన రేపటి సభకి కమిటీ అధ్యక్షులు. "వాడు ఎంత వెకిలిగా కనిపిస్తే మాస్టారు అంత ఎత్తుగా కనిపిస్తారు. ఇప్పుడు చూడండి వీణ్ణి! పద్ధతిగా, బుద్ధిగా ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు గొప్పో జనానికి ఎలా తెలుస్తుంది?"

"ఈయన పనే అంతండీ" అంది అమ్మ. "గిన్నెకి సొట్ట తీయమంటే గిన్నె ఆకారమే మార్చేస్తారు. ఇంట్లో ఒక్క చెంబూ పుట్టినప్పటి రూపంలో లేదు."

"మీరు కాస్త ఆగండమ్మా. మాస్టారూ, పోలీసులూ కేసులూ అని నేను వెళ్ళను. మీరు ఆయన కొడుకు, వెళ్తే నాకే నామోషీ. కానీ కమిటీకి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా. ఎందుకు చేశారు?"

"బాగాలేవు" అన్నాడు నాన్న.

"ఏవి?"

"బుగ్గలు."

ప్లీడరుగారు నిస్సహాయంగా నా వైపు తిరిగారు. "మీరైనా అడగండి టీచరుగారూ. ఆ బుగ్గలు మీవే కదా!"

అదీ నిజమే. ఆ బొమ్మ చేసింది అప్పట్లో పత్రికలో పడ్డ ఫొటో చూసి. అందులో తాత ముఖం స్పష్టంగా ఉంది. కుర్రాడి ముఖానికి సగం బూర, సగం కళ్ళ మీదికి దిగిన టోపీ అడ్డం వచ్చాయి. వీడి ముఖం ఎలా పెట్టమంటారని శిల్పి అడిగితే, నేనే అతని ఎదురుగా కూర్చుని బుగ్గలు ఊది చూపించాను.

అది నాకు వెన్నతో పెట్టిన విద్య. తాత కథ చెప్పేటప్పుడల్లా ఆ తొత్తు కుర్రాడి వేషం కట్టాల్సిందే. కళ్ళు పైకి తిప్పి, బుగ్గలు పగిలిపోయేట్టు ఊది, మెడ ఊపుతూ లేని బూర వాయిస్తాను. చిన్నప్పుడు చుట్టాల ముందు వాయించాను. టీచరునయ్యాక ఏటేటా క్లాసులో వాయిస్తున్నాను. పిల్లలు బల్లల మీద పడి నవ్వుతారు.

"ఏం నాన్నా, నా బుగ్గలు అంత అసహ్యంగా ఉన్నాయా?" అన్నాను, వాతావరణం తేలిక చేద్దామని.

నాన్న తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

"సరే, నేనే ఒక దారి చెప్తాను" అన్నారు ప్లీడరుగారు లేస్తూ. "రేకు మళ్ళీ ఉబ్బించడం కుదరదట, చిరుగుతుందట. ఉన్నదున్నట్టే గోడకెక్కిద్దాం. టీచరుగారూ, రేపు ఎలాగూ మీరు మాట్లాడతారు. నాన్నగారికి పెద్దవయసు వచ్చింది, ఈమధ్య తెలిసీ తెలియకుండా ఏదో చేస్తున్నారు, పొరపాటు జరిగింది అని రెండు ముక్కలు చెప్పండి. తర్వాత ఆ తొత్తు అసలు ఎలా ఊదాడో మీరే చేసి చూపించెయ్యండి. జనం నవ్వుతారు, గొడవ సర్దుకుంటుంది."

"ఈయనకి మతి లేదని నలుగురిలో చెప్పమంటారా?" అమ్మ గొంతు లేచింది.

"మతి లేదని కాదమ్మా. మతిమరుపని."

"ఆ తేడా మీ కోర్టులో ఉంటుందేమో. మా వీధిలో లేదు."

"చెప్పనీ" అన్నాడు నాన్న. అందరం ఆయన వైపు చూశాం. "మతి లేదనే చెప్పనీ. అదే నయం."

ప్లీడరుగారు కూలీల్ని పిలిచారు. కూలీలు బొమ్మని దుప్పట్లలో చుట్టి బండెక్కించారు. ఆయన నా భుజం తట్టి, రేపు మీదే భారం అన్నట్టు తలాడించి వెళ్ళిపోయారు.

బండి వీధి మలుపు తిరిగిందో లేదో అమ్మ అందుకుంది.

"ఏమిటి నయం? ఏది నయం? మామగారు జైలుకెళ్ళారని ఈ ఊళ్ళో మనల్ని పలకరించడానికి భయపడ్డవాళ్ళే ఇవాళ పిలిచి దండ వేస్తామంటున్నారు. అది మీకు పడట్లేదు. నాకు తెలియకడుగుతాను, ఎవరి మీద మీ కోపం?"

నాన్న గుడ్డని తిరగేసి మళ్ళీ వేళ్ళు తుడుచుకున్నాడు.

"అడుగుతుంటే మాట్లాడరేం!"

"ఆయనేం మాట్లాడతాడమ్మా" అన్నాను నేను. నాకు ఒళ్ళు మండిపోతోంది. శిల్పికి సర్ది చెప్పాల్సింది నేను, రేపు మైకు ముందు తల దించుకోవాల్సింది నేను. "ఆయనకి తాత గొప్పతనం ఎప్పుడు పట్టింది గనక? నేను తాత గురించి చెప్తున్నప్పుడు ఒక్కసారైనా చివరిదాకా విన్నాడా? మధ్యలో మంచినీళ్ళకని లేచిపోతాడు. ఆ రోజు మాత్రం? ఊరంతా మైదానంలో ఉంటే, సొంత తండ్రి అధినేతకి ఎదురు నిలబడుతుంటే, ఈయన జ్వరమని ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు!"

"నోరు ముయ్యవే!"

లోపలి గదిలోంచి వచ్చింది ఆ మాట. నానమ్మ. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఏమే అని కూడా గట్టిగా అనని మనిషి.

నాన్న లేచాడు. గుడ్డని నాలుగు మడతలు పెట్టి కుర్చీ చేతి మీద వేశాడు. చెప్పులు వేసుకుని, పక్కనే ఉన్న కొట్లోకి వెళ్ళిపోయాడు.

"తృప్తిగా ఉందా?" అంది అమ్మ. ఇంతసేపూ ఆయన్ని కడిగేసింది తనే. ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది. ఈ ఇంట్లో ఎవరు ఎవరి పక్షమో నాకెప్పుడూ అర్థం కాదు.

నేను కొట్లోకి వెళ్ళేసరికి ఎండ గుమ్మం దాటి బల్ల మీదికి వచ్చింది. గోడ నిండా మేకులకి వేలాడుతున్న బూరలు. నాన్న ఒక బడి బ్యాండు బూరని ఒళ్ళో పెట్టుకుని దాని మెడని బొటనవేలితో తడుముతున్నాడు. ఆయన సొట్టని కంటితో చూడడు, వేలితో వెతుకుతాడు.

క్షమించమని అడుగుదామనే వెళ్ళాను. అడగడానికి ముఖం చెల్లలేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను.

"పంతులమ్మా" అన్నాడు. నా మీద కోపం లేనప్పుడే అలా పిలుస్తాడు. "రేపు నువ్వేం చెప్పినా నాకు సమ్మతమే. ఒక్కటి మాత్రం చెయ్యకు. బుగ్గలు ఊదకు."

"మళ్ళీ బుగ్గలేనా నాన్నా?"

"బూర వాయించేవాడు బుగ్గలు ఊదడమ్మా. ఊదితే గాలి నోట్లోనే ఉండిపోతుంది, బూరలోకి పోదు. మీ తాత మొదటిరోజే ఇలా రెండు వేళ్ళు పెట్టి నొక్కి కూర్చోబెట్టేవాడు." తన బుగ్గల మీద తన వేళ్ళే ఆనించుకున్నాడు. "బుగ్గ లేచిందంటే గిల్లేవాడు. ఆయన బ్యాండులో ఎవడికీ బుగ్గలు లేవవు. ఆ కుర్రాడికీ లేవలేదు."

"నీకెలా తెలుసు? నువ్వు అక్కడ లేవుగా."

అని నవ్వాను కూడా. 

నాన్న వేళ్ళు ఇంకా బుగ్గల మీదే ఉన్నాయి. దించడం మర్చిపోయాడు. ఆ వేళ్ళనీ ఆ ముఖాన్నీ చూస్తూ చూస్తూ నా నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"నాన్నా..."

"రెండో బూర నాది" అన్నాడు. "మీసం కూడా రాలేదు అప్పటికి. పెద్దవాళ్ళ టోపీ ఇచ్చారు, కళ్ళ మీదికి జారేది."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నాన్న బూరని బల్ల మీద పెట్టి, అది దొర్లకుండా కింద గుడ్డ దోపాడు. ఆ తర్వాతే మాట్లాడాడు.

"అంతకు వారం ముందు మిల్లు గేటు దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి కదా. పోయినవాళ్ళందరి అంతిమయాత్రలకీ మా బ్యాండే వాయించింది. మళ్ళీ అధినేత పుట్టినరోజుకి మైదానంలో ఆయన భజన పాటకీ మా బ్యాండునే రమ్మన్నారు. మీ తాత రానని అనలేదు. వచ్చాడు. పాట సగంలో బూర దించేశాడు. ముందుగా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు దొరికిపోతారని కాబోలు."

"తర్వాత?"

"బ్యాండులో ఒక పద్ధతి ఉంది. మొదటి బూరకి ఊపిరి అందకపోతే రెండో బూర అందుకోవాలి. మధ్యలో సందు రాకూడదు. పాట కింద పడకూడదు అనేవాడు మీ తాత. తెల్లారితే అదే సాధన. ఆయన కావాలని ఎక్కడో ఆపేసేవాడు, నేను టక్కున అందుకోవాలి. ఆ రోజు ఆయన ఆపాడు. వెనకవాళ్ళు కూడా తడబడి ఒక్కొక్కరే ఆగిపోయారు. మైదానమంతా నిశ్శబ్దం అయిపోయింది. నేను..."

ఆగాడు. బల్ల మీది బూర మెడని బొటనవేలితో తడిమాడు.

"నాన్నకి ఊపిరి అందలేదనుకున్నానమ్మా. అందుకున్నాను. నన్ను చూసి వెనకవాళ్ళూ అందుకున్నారు. ఎంత బాగా వాయించానో తెలుసా? అంత బాగా మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు. పక్కనుంచి నాన్న చూస్తున్నాడు, మెచ్చుకుంటాడు అనుకుంటూ వాయించాను."

నేను పీట ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"నేనూ ఊరుకుని ఉంటే బ్యాండు మొత్తం ఆగినట్టుండేది. ఎవడు ముందు ఆపాడో ఎవరికీ తెలిసేది కాదు. మాస్టారికి కళ్ళు తిరిగాయనో, లెక్క తప్పిందనో ఏదో చెప్పుకునేవాళ్ళు. అందరినీ లోపల వెయ్యలేరుగా. నా మూలంగా ఆయన నడుచుకుంటూ నా దగ్గరికి రావాల్సి వచ్చింది. అందరూ చూస్తుండగా నా బూర మీద చెయ్యి పెట్టాల్సి వచ్చింది. ఫొటోలో పడింది అదే."

"ఏమైనా అన్నాడా?"

"అన్నాడు." నాన్న బల్ల మీది బూరని అరచేత్తో మూశాడు. "బాగా అందుకున్నావురా, ఇక చాలు అన్నాడు."

తాత జైలు నుంచి తిరిగొచ్చినప్పుడు ముందు పళ్ళు లేవు. పళ్ళు లేని నోటితో బూర పలకదు. ఇదంతా నేను పిల్లలకి చెప్పే కథలో ఉన్నదే. పళ్ళ సంగతి దగ్గర గొంతు తగ్గించేదాన్ని. క్లాసంతా గప్‌చుప్ అయ్యేది. ఆ వెంటనే వాళ్ళని నవ్వించడానికి తొత్తు కుర్రాడి వేషం కట్టేదాన్ని. మా ఇంటి హాల్లో, నాన్న ఎదురుగా, ఎన్నిసార్లో. ఆయన మంచినీళ్ళకని లేచేవాడు. విన్న కథే కదా, విసుగేమో అనుకునేదాన్ని.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా? ఒక్కసారి చెప్పి ఉంటే నేను..."  తప్పు మళ్ళీ ఆయన మీదికే తోస్తున్నానని మాట నోట్లో ఉండగానే తెలిసిపోయింది.

"వాడు చెప్పడు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

నానమ్మ. గోడ పట్టుకుని ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. నేను లేచి పీట వేశాను. కూర్చోలేదు.

"ఆ కుర్రాడెవడని స్టేషన్లో మీ తాతని అడిగారట. మీరు పంపినవాడే, మీ మనిషే, నాకు తెలియదు అన్నాడట. పళ్ళు రాలినా అదే మాట. ఊళ్ళోకి ఆ మాటే పాకింది. టోపీ కింద ముఖం జనానికి ఆనలేదు, తెలిసిన బ్యాండువాళ్ళు నోరు విప్పలేదు. నేను ఇంట్లో వీడికి దుప్పటి కప్పి, వచ్చినవాళ్ళందరికీ జ్వరమని చెప్పాను. తొత్తన్న అబద్ధం మీ తాతది. జ్వరం నాది. వీడిది ఒక్క పాటేనే తల్లీ."

"మరి ఆయన తిరిగొచ్చాకైనా..."

"వచ్చాక ఆయనకి వీణ్ణి చూసే ముఖం లేకపోయింది. కొడుక్కి ముందుగా ఒక్క మాట చెప్పలేకపోయానే అని కుమిలిపోయాడు. ఆయనకి తనని చూస్తేనే గిట్టడం లేదనుకుని వీడు బూర మానేశాడు. ఇద్దరి మధ్యా నేను. చెబితే ఎవరు ఏమైపోతారోనని నోరు కట్టుకుని కూర్చున్నాను." నానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు బుగ్గలు ఊదినప్పుడల్లా అందరితోపాటు నేనూ నవ్వాను."

"రేపు నేను చెప్పేస్తాను" అన్నాను.

"వద్దు" అన్నాడు నాన్న, అప్పటిదాకా లేని గట్టి గొంతుతో. "ఆయన నన్ను దాచుకున్నాడు. అన్ని దెబ్బలు తిని దాచుకున్నాడు. దాన్ని నువ్వు మైకులో విప్పుతావా? రేపు ఆయన పేరు పెట్టే రోజు. ఆ తొత్తు మాస్టారి కొడుకేనట అని ఊరు నన్ను చూడ్డానికి ఎగబడే రోజు కాదు."

"మరి ఆ బొమ్మ మీద సుత్తెందుకు వేశావు?"

నాన్న గోడనున్న బూరల వైపు తిరిగిపోయాడు.

"పేరు లేకపోతే పోనీ. తొత్తన్నా పడతాను. కానీ వాడు సరిగ్గానే వాయించాడమ్మా. మీ తాత నేర్పినట్టే వాయించాడు. ఆ గోడ మీద కలకాలం తప్పుగా వాయిస్తూ ఉంటాడంటే... చూడలేకపోయాను."

పొద్దున సంగీత భవనం కిటకిటలాడింది. ముందు వరసలో నేల మీద నా క్లాసు పిల్లలు, వాళ్ళ వెనక కుర్చీల్లో నాన్న, ఆయనకి చెరో పక్కా అమ్మా నానమ్మా. అమ్మకి ఇంకా ఏమీ తెలియదు. నాన్న చొక్కాకి పై గుండీ కూడా పెట్టుకుని, ఎవరి పెళ్ళికో వచ్చినవాడిలా కూర్చున్నాడు.

తెర లాగారు. చప్పట్లు. వెంటనే గుసగుసలు. బుగ్గల సంగతి ఊరంతా పాకిపోయింది.

"ఒక చిన్న పొరపాటు గురించి మాస్టారి మనవరాలు వివరిస్తారు" అన్నారు ప్లీడరుగారు మైకులో. దాన్ని నా చేతికిచ్చి, కానివ్వండి అని చెవిలో గొణిగారు.

నాన్నకి మతి తప్పిందని చెప్పాలి. లేకపోతే నిజం చెప్పాలి. మొదటిది నావల్ల కాదు. రెండోది ఆయన వద్దన్నాడు.

"మా తాత..." అన్నాను. "ఆ రోజు మైదానంలో... ఆ కుర్రాడు..."

అంతే. నాకు ఊపిరి అందలేదు.

ముందు వరసలో రెండు జడల పిల్ల ఉంది, నా క్లాసులో అందరికన్నా చురుకైనది. టీచరు మర్చిపోయిందనుకుంది పాపం. సాయం చేద్దామని కళ్ళు పైకి తిప్పి బుగ్గలు పూరించింది. అచ్చం నాలాగే. పక్కపిల్లలు దాన్ని చూసి పూరించారు. క్షణంలో వరసంతా ఉబ్బిన బుగ్గలే. మెడలు ఊగుతున్నాయి. హాలు ఘొల్లుమంది. ప్లీడరుగారు కూడా నవ్వుతున్నారు. అమ్మా నవ్వుతోంది. నేను నేర్పిన నవ్వే అదంతా.

నానమ్మ నవ్వలేదు.

నాన్న లేచాడు. మంచినీళ్ళకే లేచాడనుకున్నాను. కానీ ఆయన తలుపు వైపు పోలేదు. పిల్లల్ని దాటుకుంటూ వచ్చి, రెండు జడల పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూపుడు వేలూ బొటనవేలూ దాని బుగ్గలకి ఆనించి నెమ్మదిగా నొక్కాడు. గాలి తుస్సున పోయింది.

"అలా కాదమ్మా" అన్నాడు. "అలా ఊదలేదు."

నవ్వు ఒక్కొక్క వరసే తగ్గుతూ వెనకదాకా వెళ్ళి ఆగిపోయింది.

"మాస్టారూ, మీకెలా తెలుసు?" అని ఎవరో అడిగారు, ఎగతాళిగా కాదు, నిజంగానే తెలియక. "ఆ రోజు మీకు జ్వరం కదా?"

అమ్మ ముఖంలో నవ్వు సగంలో నిలిచిపోయింది. ప్లీడరుగారు నన్ను చూస్తున్నారు, ఏదో ఒకటి చెప్పండి అన్నట్టు.  వేదిక దిగి, నాన్న దగ్గరికి వెళ్ళి, మైకు చాపాను.

నాన్న దాన్ని ముట్టుకోలేదు. నన్ను చూశాడు. గోడ మీద తన బూరకి చెయ్యి అడ్డం పెట్టిన తండ్రిని చూశాడు. 

అప్పుడు వెనక కుర్చీలోంచి నానమ్మ అంది, నాన్నకీ నాకూ మాత్రమే వినపడేంత మెల్లగా:

"అందుకోరా నాన్నా."